ముందే చెల్లించిన మొక్కు

ఆదోని ఊరు బళ్లారి జిల్లా నుంచి కర్నూలు జిల్లాలోకి మారిన కొత్తలో జనానికి పైకెక్కాలన్న పిచ్చి పట్టుకుంది. కర్నూలు రాజధాని అయిందట, గుడారాలు వేసి ఆఫీసులు పెట్టారట, నిన్నటిదాకా కట్టెలు కొట్టినవాడు ఇవాళ బిళ్ల బంట్రోతై మనుషులను అదిలిస్తున్నాడట అని బస్సు దిగిన ప్రతివాడూ ఒక కబురు మోసుకొచ్చేవాడు. అవన్నీ విన్నాక ఎవరికి మాత్రం ఒకచోట కాలు నిలుస్తుంది? పత్తి మిల్లు సోమన్నకు మాత్రం నిలిచింది. అతని బతుకే కాళ్ల మీద నడిచే బతుకు.

గింజ తీసిన దూదిని నిలువెత్తు చెక్కపెట్టెలో పోస్తారు. మనుషులు అందులోకి దిగి కాళ్లతో తొక్కుతారు. తొక్కినకొద్దీ పైనుంచి దూది పోస్తూనే ఉంటారు. పెట్టె బిర్రుగా నిండాక మరతో నొక్కి బేలు కడతారు. చూసేవాళ్లకు అది పరుపు మీద నడిచినంత సుఖంగా కనిపిస్తుంది. ఒక్క పూట దిగి తొక్కితే, రాత్రికి పిక్కలు ఆ సుఖం సంగతి చెబుతాయి. అందరి అడుగూ ఒక్కసారే పడాలంటే ఒకడు పాట ఎత్తుకోవాలి. ఆ ఒకడు సోమన్న.

"మేనేజరు బొజ్జ..." అని అతను ఎత్తుకుంటే, "హైసా!" అని అందరూ ఒక్క తొక్కు తొక్కేవాళ్లు.

"మెత్తగుండాది..."

"హైసా!"

"తొక్కితే బేలు..."

"హైసా!"

"తొక్కినోడు జైలు..."

"హైసా!"

పాట రోజుకొకటి మారేది. మేనేజరు బొజ్జ అయిపోతే టీ కొట్టు వాడి పాలు లేని టీ, అదయ్యాక మిల్లు గేటు కాడి గుడ్డి కుక్క. షెడ్డులో కూచుని పత్తిలో చెత్త ఏరే ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వేవాళ్లు. వాళ్లలో ఒక పిల్ల నవ్వు ఆపుకోలేక ఒకరోజు ఏరిన చెత్తంతా మళ్లీ పత్తిలో కలిపేసి మాటలు పడింది. ఆ పిల్ల పేరు ఉరుకుందమ్మ. మర్నాడు పాటలో చెత్త కలిపిన పిల్ల కథ వచ్చింది. ఆ ఎండాకాలంలోనే వాళ్ల పెళ్లయింది. పాటకు పడి పెళ్లాడిన మనిషి ఆ పాటనే నోట్లోంచి లాగేస్తుందని ఎవరనుకుంటారు?

తప్పంతా కుర్చీది.

మిల్లు ఆవరణలో, అందరికీ కనబడే చోట, చేతుల టేకు కుర్చీ ఒకటి ఉండేది. అది మేస్త్రీ కుర్చీ. బొంబాయిలో ఉండే మిల్లు యజమాని సేటు గారి తాత దాంట్లో కూచున్నాడట, అందుకని దసరాకు యంత్రాలతో పాటు దానికీ కుంకుమ పెట్టేవాళ్లు. మిల్లులో తొక్కేవాళ్లు నిలబడాలి, ఏరేవాళ్లు నేల మీద కూచోవాలి, కాటా గుమాస్తాకు స్టూలు, మేస్త్రీకి చేతుల కుర్చీ. అంతకు పైన మేనేజరు ఉన్నాడు గాని ఆయన గది లోపల ఉంటాడు, ఆయన కింద ఏముందో బయటివాళ్లు ఎరగరు. కాబట్టి జనం లెక్కలో అన్నిటికన్నా పెద్ద ఆసనం ఇదే.

ఆ కుర్చీలో ఏళ్ల తరబడి తిమ్మయ్య కూచున్నాడు. మనిషి కదలడు, మెదలడు, నవ్వడు. సోమన్న పాటకు గేటు కాడి కుక్క కూడా తోక ఊపేది గాని, తిమ్మయ్య మీసం కదిలేది కాదు. రొట్టె కూడా అందులోనే, ఒక్కడే కూచుని తినేవాడు. సోమన్న వరస కలిపి "మామా" అని పిలిచి ఎన్ని ఎగతాళులాడినా అంతే. పెద్దరికం అంటే అట్లుంటుంది కాబోలు అని సోమన్న నమ్మాడు.

ఉరుకుందమ్మకు భీమక్క అని ఒక అక్క. గుంతకల్లులో కాపురం. ఆమె మొగుడు రైలు గేటు కాడ కాపలా. భీమక్క ఆదోనికి వచ్చినప్పుడల్లా కాళ్లు కడుక్కోకముందే మొదలుపెట్టేది.

"మా ఆయనకు కుర్చీ ఇచ్చినారమ్మే. ఆయన కుర్చీలోంచి లేసి జెండా ఊపితే గానీ రైలు ముందుకు పోదు. నీ మొగుడు ఇంకా దూదిలోనే ఎగుర్తాండాడా?"

ఈ ఒక్క మాటకు ఉరుకుందమ్మ కడుపులో కుంపటి రాజుకుంది. అక్క బండెక్కగానే మొగుడి మీద పడింది.

"ఊరికి ఊరే జిల్లా మారిపాయ. నువ్వు పెట్టెలోంచి కుర్చీలోకి మారల్యావా?"

"ఆ కుర్చీలో తిమ్మయ్య మామ ఉండాడు కదే. ఆయన ఒళ్లో కూచోమంటావా?"

"ముసిలోడైనాడు. ఎన్నాళ్లుంటాడు? నేను సామికి మొక్కుకుంటాలే."

చెప్పినట్టే, దగ్గర్లోని ఉరుకుంద ఊరి ఈరన్నస్వామికి మొక్కుకుంది. మొగుడికి మేస్త్రీ కుర్చీ వస్తే తలనీలాలు ఇప్పిస్తానని. మొక్కింది ఆమె, వెంట్రుకలు అతనివి. మొక్కిన సంగతి షెడ్డులో ఏరే ఆడవాళ్లందరికీ చెప్పింది, అంటే ఇక ఊళ్లో తెలియనివాళ్లు లేరన్నమాట. ఒక్క తిమ్మయ్యకు తెలియదని సోమన్న తనకు తానే ధైర్యం చెప్పుకున్నాడు.

ఆ వెంట్రుకల గురించి కూడా చెప్పాలి. సోమన్నకు నల్లగా, ఒత్తుగా క్రాపు ఉండేది. మిల్లు నుంచి వచ్చి ఒళ్లంతా కడుక్కున్నాక, నూనె పెట్టి, పాపిడి తీసి, గోడకు తగిలించిన అరచేతి అద్దంలో అటూ ఇటూ చూసుకునేవాడు. ఆ మనిషికి ఉన్న సోకు అదొక్కటే.

మన పక్క పండే పశ్చిమపు రకం పత్తి ఆలస్యంగా చేతికొస్తుంది కాబట్టి, శ్రావణమాసం వచ్చినా మిల్లు నడుస్తూనే ఉండేది. శ్రావణంలోనే ఉరుకుందలో స్వామికి పెద్ద ఉత్సవం. ఒక సాయంత్రం ఉరుకుందమ్మ రొట్టెలు మూట కడుతూ, "రేపు ఉరుకుందకు పోతాండాం. నీ గుండు అయిపోవల్ల" అంది.

సోమన్న చేతిలో దువ్వెన జారింది. "కుర్చీ రాలేదు కదే!"

"దసరాకు వచ్చిందనుకో. మళ్లా శ్రావణం దంకా సామిని కాచుకోమంటామా? పెద్దాయన, మర్యాదగుండదు. ముందే ఇచ్చేసినామనుకో, ఆయనకే మొగమాటం. తీసుకున్నాక ఇయ్యకుండా యాడికి పోతాడు?"

దేవుణ్ణి మొహమాట పెట్టవచ్చని అంతవరకూ ఎవరికీ తోచలేదు. ఆ ప్రాంతంలో ముందు దేవుడు పని చేయాలి, తర్వాతే మనిషి చెల్లించాలి. బిడ్డ పుట్టాక తొట్టె కడతారు, జబ్బు తగ్గాక పొర్లుదండాలు పెడతారు. పని కాకముందు మొక్కు తీర్చిన తలమాసినవాడు చుట్టుపక్కల పుట్టలేదు. సోమన్న ఆ మాటే అన్నాడు గాని, ఉరుకుందమ్మ అప్పటికే మూట ముడి వేసేసింది.

మర్నాడు క్షౌరం చేసేవాడి కత్తి నడినెత్తి మీద నడుస్తుంటే సోమన్నకు నిజంగానే ఏడుపొచ్చింది. ఉరుకుందమ్మ మాత్రం ఆ గుండు చూసి, కుర్చీనే చూసినంత సంబరపడింది.

మీసాలు అట్లే ఉంచి, తల మాత్రం నున్నగా చేయించుకుని సోమన్న మిల్లు గేటు దాటాడో లేదో, బేళ్లు దొర్లిస్తున్నవాళ్లు చేతిలో పని వదిలేసి లేచి నిలబడ్డారు. పెట్టెలో అతని పక్కనే తొక్కే పుల్లయ్య, నిన్నమొన్నటిదాకా "ఒరే సోమన్నా" అన్నవాడు, తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"ఎంత మాట దాచినావన్నా! ఎప్పుడిచ్చినారు కుర్చీ?"

"కుర్చీ యాడిదిరా? ఎవురూ ఇయ్యలేదు."

"ఇయ్యకుండానే గుండు కొట్టించుకున్యావా?" అని పుల్లయ్య కన్ను గీటాడు. చుట్టూ ఉన్నవాళ్లు కూడా గీటారు. గుండు కళ్ల ముందు మెరుస్తుంటే ఇంక సాక్ష్యం ఏం కావాలి?

ఇంతలో తిమ్మయ్య చూపు ఈ గుంపు మీద పడింది. గుండు కనబడింది. అంతే, ఆయన కుర్చీలోంచి లేచాడు. పై పంచె తీసి కుర్చీ చేతులు తుడిచాడు. రొట్టె మూట చేతిలోకి తీసుకుని, సోమన్న ఎదుటికి వచ్చి నిలబడ్డాడు.

"మామా, నేను చెప్పేది కొంచెం ఇను..."

"చెప్పేదేమీ లేదల్లుడా. సామి ఇచ్చినాక మాటెందుకు? పోయి కూచో."

"అది కాదు మామా, ఈ గుండు..."

"శానా బాగుండాది" అని తిమ్మయ్య వెనక్కి తిరిగి చూడకుండా గేటు దాటి వెళ్లిపోయాడు. ఆ వయసులో ఆయన అంత బిరబిరా నడవగలడని ఎవరికీ తెలియదు. మామ మనసు విరిగిందనుకుని సోమన్న ప్రాణం ఉసూరుమంది.

మేనేజరు రామకృష్ణ బయటికి వచ్చాడు. కోస్తా మనిషి, ఈ పక్క మొక్కుల సంగతి ఆయనకు పట్టదు. "ఏమయ్యా, ఎవరు పోయారు?" అని జాలిగా అడిగాడు.

"ఎవురూ పోలేదు సార్. మొక్కు."

"దేనికి?"

తిమ్మయ్య కుర్చీకి అని ఏ నోటితో చెప్తాడు? "కడుపునొప్పి తగ్గినందుకు సార్" అన్నాడు.

మేనేజరుకు కావలసింది ఒక్కటే, కుర్చీలో ఎవరో ఒకరు కనబడాలి. ఖాళీ కుర్చీ చూసి, "సరే, మేస్త్రీ వచ్చేదాకా అందులో కూచో. కడుపుకు కూడా మంచిది" అని లోపలికి పోయాడు. ఆ సాయంత్రమే సోమన్న తిమ్మయ్య ఇంటికి పరుగెత్తాడు. ఆయన మంచం మీద వెల్లకిలా పడుకుని మనవరాలి చేత కాళ్లు తొక్కించుకుంటున్నాడు. సోమన్న నోరు తెరవగానే రెండు చెవులూ మూసుకుని, "సామి ఇచ్చినాక మాటెందుకు" అన్నాడు. ఎంత బతిమాలినా అదే మాట.

దసరాకు సేటు గారు బొంబాయి నుంచి వచ్చారు. కుర్చీలో కొత్త మనిషిని చూసి మేనేజరు మార్చాడనుకున్నారు. సేటు ఏమీ అనకపోయేసరికి, మార్చింది సేటే అని మేనేజరు అనుకున్నాడు. తనకు తెలియదని చెప్పుకోవడం ఇద్దరికీ నామోషీ. కుంకుమ పెట్టిన కుర్చీలో, గుండు మీద ఇంకా సరిగా మొలవని వెంట్రుకలతో, సోమన్న మేస్త్రీ అయిపోయాడు.

కుర్చీలో కూచున్న మొదటి రోజే అతనికి ఒక రహస్యం తెలిసింది. ఆ కుర్చీకి వెనక కాలు ఒకటి పొట్టి. దాని కింద ఎప్పుడో ఎవరో కడప రాయి ముక్క పెట్టారు. మనిషి నిటారుగా, ఊపిరి కూడా చూసుకుని పీలుస్తూ కూచుంటే కుర్చీ నిలుస్తుంది. కొంచెం వెనక్కి వాలి నవ్వాడంటే రాయి జారుతుంది, మనిషి వెల్లకిలా పోతాడు. సేటు గారి తాత కూచున్నది కాబట్టి దాని మీద ఉలి వేయకూడదు. తిమ్మయ్య ఇన్నేళ్లూ నవ్వకపోవడం పెద్దరికం కాదు, ప్రాణభయం.

ఇక సోమన్న కష్టాలు చెప్పనలవి కాదు. మేస్త్రీ పాట ఎత్తుకోకూడదు. ఆ పని పుల్లయ్యకు వచ్చింది. పుల్లయ్య గొంతు మంచిదే గాని, వాడికి మాట పుట్టదు. "రామ రామ హైసా, కృష్ణ కృష్ణ హైసా" అని పొద్దున మొదలుపెట్టి పొద్దుగూకేదాకా అదే. తొక్కేవాళ్లకు కళ్లు మూతలు పడేవి. సోమన్నకు నాలుక చివర కొత్త పాటలు గుంపులుగా వచ్చి నిలబడేవి, వాటిని మింగలేక చచ్చేవాడు. అతను దగ్గరికి పోతే ముచ్చట్లు ఆగిపోయేవి. రొట్టె తినే వేళ గుంపులో చేరి కూచోబోతే, అందరూ లేచి నిలబడ్డారు. అన్నం ముందు మనుషులను ఎంతసేపని నిలబెడతాడు? మూట తీసుకుని కుర్చీకే పోయాడు. తిమ్మయ్య లాగే ఒక్కడే కూచుని తిన్నాడు.

ఇంట్లో ఉరుకుందమ్మ సుఖమూ అంతంత మాత్రమే. మేస్త్రీ పెండ్లాం చెత్త ఏరితే బాగుండదని షెడ్డుకు పోవడం మానేసింది. కబుర్లు చెప్పుకోవడానికి మనిషి లేక గోడలు చూస్తూ కూచునేది. మొగుడు వస్తే, కుర్చీ అలవాటుతో మంచం మీద కూడా నిటారుగా కూచునేవాడు. ఆమె ఏదైనా నవ్వులాట మాట అంటే, భయపడి మంచం పట్టెలు పట్టుకునేవాడు. అయినా ఆమె మొండిది. ఒప్పుకోలేదు. ఎప్పుడు భీమక్క వస్తుందా, ఎప్పుడు కుర్చీ చూపిద్దామా అని కాచుకుంది.

భీమక్క వచ్చింది. ఉరుకుందమ్మ కొత్త చీర కట్టుకుని అక్కను మిల్లు గేటు కాడికి తీసుకుపోయింది. ఆవరణ నడుమ సోమన్న, మీసం దువ్వి, కుర్చీ చేతుల మీద చేతులు పెట్టి బొమ్మ కూచున్నట్టు కూచున్నాడు. భీమక్క ముఖం మాడిపోవడం ఉరుకుందమ్మ కళ్లారా చూసింది. చూసి ఊరుకోవచ్చు కదా? "సూసినావా, చేతులుండే కుర్చీ" అంది.

సరిగ్గా అప్పుడే పెట్టెలో పుల్లయ్యకు రాక రాక ఒక మాట పుట్టింది.

"మేస్త్రీ గుండు..."

"హైసా!"

"మిల్లుకు దండు..."

"హైసా!"

"కూచుంటె కొండ..."

"హైసా!"

"నవ్వితె..." అని, తర్వాత మాట దొరక్క పుల్లయ్య ఆగిపోయాడు. తొక్కేవాళ్ల కాళ్లు గాల్లో నిలిచిపోయాయి.

"బెండ!" అని ప్రాస కలిపి అరిచింది సోమన్న నోరు. అతను కాదు, నోరే అరిచింది. వెంటనే నవ్వొచ్చింది. నెలల తరబడి మింగిన నవ్వంతా ఒక్కసారే వచ్చింది. కడప రాయి జారింది. కుర్చీ వెనక్కి పోయింది. మేస్త్రీ గారి కాళ్లు రెండూ ఆకాశానికి లేచాయి. పెట్టెలోవాళ్లు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. షెడ్డులో ఆడవాళ్లు ఏరిన చెత్తంతా పత్తిలో కలిసిపోయింది.

భీమక్క కొంగు సర్దుకుంది. "మా ఆయన కుర్చీకి చేతుల్లేవు గానీమ్మే, కాళ్లు మాత్రం నాలుగుండాయి" అంది.

ఆ రాత్రి సోమన్నకు వీపు నొప్పి, ఉరుకుందమ్మకు గుండె నొప్పి. ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందని సోమన్న చెయ్యి వేయబోయి, సిగ్గుపడి తీసేసుకున్నాడు.

మళ్లీ శ్రావణం వచ్చింది. ఒకరోజు పొద్దున పుల్లయ్య తల నున్నగా గొరిగించుకుని మిల్లు గేటు దాటి వచ్చాడు. సోమన్న చూపు ఆ గుండు మీద పడింది. అతని కాళ్లు అతన్ని అడగకుండానే లేచి నిలబడ్డాయి. తలగుడ్డ విప్పి కుర్చీ చేతులు శుభ్రంగా తుడిచాడు.

"రాప్పా పుల్లయ్యా, కూచో."

"నేనా? ఎందుకన్నా? ఇది మొక్కు కాదన్నా! తలకంతా పుండ్లు లేసినాయి, మందు పూయల్లంటే గొరిగించుకుంటి!"

"సామి ఇచ్చినాక మాటెందుకు?" అన్నాడు సోమన్న. ఆ మాట తన నోట వినగానే అతనికి తిమ్మయ్య ఆ రోజు ఎందుకంత బిరబిరా నడిచాడో తెలిసిపోయింది. పుల్లయ్యను రెండు భుజాలూ పట్టి కుర్చీలో కుదేసి, "నిటారుగా కూచో, నవ్వద్దు" అని ఒక్క మాట మాత్రం చెప్పాడు. చొక్కా విప్పి పెట్టె అంచు పట్టుకుని లోపలికి దూకాడు. కాళ్ల కింద దూది మెత్తగా దిగింది. తొక్కేవాళ్లు నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు.

"మేస్త్రీ పుండు..." అని ఎత్తుకున్నాడు.

"హైసా!"

రొట్టె వేళకు తిమ్మయ్య గేటు కాడికి వచ్చాడు. కబురు అప్పుడే ఊరంతా పాకింది. సోమన్న పక్కన బేలు మీద కూలబడి, అతని రొట్టెలోంచి ఒక ముక్క తుంచి, పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆయనకు పై పళ్లు రెండు లేవని మిల్లులో అందరికీ ఆ రోజే తెలిసింది.

"ఏడాదికే తెలివొచ్చింది నీకు. నాకు జుట్టంతా నెరిసేదంకా రాల్యా. నీ గుండు కనబడకపోయింటే ఆ కుర్చీలోనే పోయిండేవాణ్ణి అల్లుడా."

"మరి ఆ పొద్దు చెప్పకూడదా మామా?"

"చెప్తే కూచుందువా?"

అదంతా ఒక ఎత్తు, ఇంటికి పోవడం ఒక ఎత్తు. పొద్దుగూకుతుంటే సోమన్న భయపడుతూ గడప దాటాడు. ఉరుకుందమ్మ పొయ్యి ముందు కూచుని ఉంది.

"కుర్చీ ఇచ్చేసినావంట."

"ఇచ్చేస్తి."

"సామి ఇచ్చింది నువ్వు తిరిగిచ్చేస్తే, మనం ఇచ్చింది ఆయన వాపసు ఇస్తాడా?"

సోమన్న తలగుడ్డ తీసి, ముందుకు వంగి, నల్లగా ఒత్తుగా పెరిగిన క్రాపు ఆమెకు చూపించాడు. "ఎప్పుడో ఇచ్చేసినాడు కదే. సూసుకో."

ఉరుకుందమ్మ చూసింది. పెదవి బిగబట్టింది. ఆపుకోలేకపోయింది. పిండి చేతులతోనే ముఖం కప్పుకుని, వెనకటి పిల్లలా నవ్వింది. నవ్వుతూనే ఒప్పేసుకుంది. ఆ రాత్రి గోడ వైపు తిరిగింది కూడా ఏడవడానికి కాదట. అతని కాళ్లు ఆకాశంలో కనబడ్డ తీరు కళ్ల ముందు నుంచి పోక నవ్వుకుందట. తనను నవ్వించే మనిషిని తనే పట్టుకుపోయి కుర్చీకి కట్టేసినట్టయిందని, అది తెలిసీ ఇన్నాళ్లూ ఒప్పుకోలేకపోయానని చెప్పింది. రేపటి నుంచి షెడ్డుకు వస్తానంది.

నూనె గిన్నె తెచ్చి, అతన్ని ముందు కూచోబెట్టుకుని తల అంటుతూ, కాసేపటికి నెమ్మదిగా అంది. "సామికి ఇంకొక మొక్కు మొక్కినా."

"దేనికే?"

"పుల్లయ్య ఆ కుర్చీలోంచి ఎప్పటికీ లేయకూడదని."

సోమన్న రెండు చేతులతో క్రాపు గట్టిగా పట్టుకున్నాడు. "మొక్కుకో గానీ, ఈ తూరి టెంకాయతో సరిపెట్టు."